మధ్యాహ్నం రెండర్ పెడితే పీసీ ఆగిపోతోందా? మదర్‌బోర్డు మార్చే ముందు ఎస్ఎంపీఎస్ లేబుల్ చదువు

తమ్ముడూ, నువ్వు చాలా వివరంగా రాశావు. ముందు అందులోని విషయం క్లుప్తంగా చెప్పుకుందాం. తాడిపత్రిలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తావు. ఏడాదిన్నర కిందట ఒక షాపులో పీసీ అసెంబుల్ చేయించావు. ఐ5-12400ఎఫ్ ప్రాసెసర్, దాంతో వచ్చిన కూలర్, ఆర్టీఎక్స్ 3060 కార్డు, 16 జీబీ ర్యామ్, క్యాబినెట్‌తో పాటే వచ్చిన 450 వాట్ల ఎస్ఎంపీఎస్ (గోడ కరెంటును పీసీ భాగాలకు సరిపడేలా మార్చి ఇచ్చే పెట్టె). ఇప్పుడు మధ్యాహ్నం పూట రెండర్ (ఎడిట్ చేసినదాన్ని తుది వీడియో ఫైలుగా మార్చే పని) పెడితే పది పదిహేను నిమిషాల్లో టప్పున ఆగిపోయి, దానంతటదే మళ్లీ ఆన్ అవుతోంది. రాత్రి అదే ప్రాజెక్టు హాయిగా పూర్తవుతోంది. బ్లూ స్క్రీన్ లేదు, ఎర్రర్ లేదు. క్యాబినెట్ ఇనుము చేతికి తగిలితే జివ్వుమంటోంది. షాపులో చూపిస్తే మదర్‌బోర్డు పోయింది, మార్చాలన్నారు. దీంతో పాటు అనంతపురం జేఎన్‌టీయూలో ఇంజనీరింగ్ చేరిన మీ చెల్లెలికి ఒక పీసీ కట్టాలి, ఏం కొనాలో చెప్పమన్నావు.

మదర్‌బోర్డుకు డబ్బు కట్టొద్దు. నువ్వు చెప్పిన లక్షణాల్లో ఒక్కటీ నేరుగా మదర్‌బోర్డు వైపు చూపించడం లేదు. నా అనుమానం మొదట ఎస్ఎంపీఎస్ మీద, తర్వాత వేడి మీద, ఆ తర్వాత మీ ఇంటి ఎర్తింగ్ మీద. ఈ మూడూ మన జిల్లాల్లో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. బెంగళూరులో ఏళ్ల తరబడి నడిచే పార్టే ఇక్కడ రెండు ఎండాకాలాలకు చేతులెత్తేస్తుంది. ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో చాలా వరకు చల్లటి గదిలో, నిలకడైన కరెంటు మీద పరీక్షించి రాసినవే. అవి తప్పు కాదు, కానీ తాడిపత్రి మే నెలకు సరిపోవు.

ఎస్ఎంపీఎస్ మీదే ముందు అనుమానం ఎందుకంటే, వేడెక్కిన ప్రాసెసర్ సాధారణంగా ఇలా ఆగిపోదు. 12400ఎఫ్‌కు హద్దు 100 డిగ్రీలు. అక్కడికి చేరగానే ముందు తన వేగం తానే తగ్గించుకుంటుంది. రెండర్ నత్తనడక నడుస్తుంది, ఫ్యాన్ మోత మోగుతుంది, అప్పటికీ వేడి తగ్గకపోతేనే చివరికి ఆఫ్ అవుతుంది. గ్రాఫిక్స్ కార్డు కూడా అంతే, వేగం తగ్గించుకుని తట్టుకోవాలని చూస్తుంది. నీ పీసీ అలా మందగించకుండా, పూర్తి వేగంతో పనిచేస్తూ పనిచేస్తూ ఒక్కసారిగా పడిపోతోందని రాశావు. అది కరెంటు సరఫరా తెగినప్పటి లక్షణం.

నువ్వు పంపిన ఎస్ఎంపీఎస్ లేబుల్ వివరాలే నాకు అన్నిటికంటే ఎక్కువ చెప్పాయి. పైన పెద్ద అక్షరాల్లో 450 ఉంది. కింద చిన్న పట్టికలో 12 వోల్టుల గడిలో 18 ఆంప్స్ అని ఉంది. గుణించి చూడు, 216 వాట్లు. ఈ కాలపు పీసీలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ దాదాపు మొత్తం కరెంటును ఆ 12 వోల్టుల లైన్ నుంచే లాగుతాయి. మిగతా 5 వోల్టులు, 3.3 వోల్టుల లైన్ల మీద ఎన్ని వాట్లు రాసినా నీ పనికి అక్కరకు రావు. నీ ప్రాసెసర్ పూర్తి బూస్ట్‌లో, అంటే గరిష్ఠ వేగంలో, 117 వాట్ల దాకా తీసుకుంటుంది. 3060 కార్డు 170 వాట్లు. రెండూ కలిపితే 287. ఫ్యాన్లు, డిస్కులు ఇంకా లెక్కలోకి రాలేదు. పైగా కార్డు ఒక్కో క్షణంలో తన సగటు కంటే బాగా ఎక్కువ లాగి మళ్లీ తగ్గుతుంది. 216 ఇచ్చేదాన్ని 287 అడుగుతున్నావు. రెండర్‌లో ప్రాసెసర్, కార్డు రెండూ ఒకేసారి పూర్తి లోడుకు చేరే క్షణాలు తక్కువ కాబట్టే ఇన్నాళ్లు నడిచింది.

మరి రాత్రి ఎందుకు బాగుంటోంది? ఎస్ఎంపీఎస్ ఎంత కరెంటు ఇవ్వగలదనేది దాని లోపలి వేడిని బట్టి మారుతుంది. చవక రకాల మీద రాసిన వాట్లు 25 డిగ్రీల గదికి రాసినవి అయి ఉంటాయి. మధ్యాహ్నం మీ గది 40 దగ్గర ఉంటే, క్యాబినెట్ లోపల ఇంకా ఎక్కువ. లోపలి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల ఆయుష్షు సుమారుగా ప్రతి 10 డిగ్రీలకు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్‌లో లెక్క వేస్తారు. రెండు వేసవులు చూసిన చవక ఎస్ఎంపీఎస్ కొన్న రోజు ఇచ్చినంత ఇప్పుడు ఇవ్వదు. దీనికి తోడు మధ్యాహ్నం ఏసీలన్నీ ఆన్ అయ్యే వేళ వోల్టేజీ పడిపోతుంది. గోడ నుంచి 300 వాట్లు తీసుకునే పీసీ 230 వోల్టుల దగ్గర 1.3 ఆంప్స్ లాగితే, 180 వోల్టుల దగ్గర దాదాపు 1.7 ఆంప్స్ లాగాలి. ఎక్కువ కరెంటు అంటే ఎస్ఎంపీఎస్‌లో ఇంకా వేడి. రాత్రి గది చల్లబడుతుంది, వోల్టేజీ కోలుకుంటుంది, పని పూర్తవుతుంది.

ఇంతవరకు చెప్పింది అనుమానమే. రూపాయి ఖర్చు లేకుండా దీన్ని తేల్చుకోవచ్చు.

హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకో. అందులో సెన్సర్ల పేజీ తెరిచి లాగింగ్ ఆన్ చెయ్యి. ప్రాసెసర్ వేడి, కార్డు వేడి, వాటి వేగం, అవి లాగే వాట్లు క్షణక్షణం ఒక ఫైల్‌లో రాసుకుంటూ పోతుంది. మధ్యాహ్నం రెండర్ పెట్టు. పీసీ పడిపోయి మళ్లీ లేచాక ఆ ఫైల్‌లో చివరి వరుసలు చూడు. ప్రాసెసర్ 98, 99, 100 అని ఉండి వేగం తగ్గుతూ వచ్చిందా, అయితే వేడి. ప్రాసెసర్ 80ల్లో, కార్డు 70ల్లో ఉండగానే ఫైల్ తెగిపోయిందా, అయితే ఎస్ఎంపీఎస్. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నెల్-పవర్ 41 అనే ఎర్రర్ కనిపిస్తుంది. దాన్ని చూసి కంగారుపడకు. పీసీ సరిగ్గా షట్‌డౌన్ కాలేదని చెప్పడం తప్ప, కారణం దాంట్లో ఉండదు. దాని వివరాల్లో బగ్‌చెక్ కోడ్ సున్నా ఉంటే మాత్రం గమనించు. విండోస్‌కు ఎర్రర్ నమోదు చేసుకునే సమయం కూడా దొరకలేదని, అంటే కరెంటే తెగి ఉండొచ్చని అర్థం.

రెండో పరీక్ష నాకు ఇంకా నచ్చుతుంది. గ్రాఫిక్స్ కార్డు సెట్టింగులు మార్చే ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ ప్రోగ్రామ్ వేసుకుని, పవర్ లిమిట్ అనే గీతను 100 నుంచి 70 శాతానికి దించు. కార్డు 170 వాట్లకు బదులు 120 దగ్గర ఆగిపోతుంది. రెండర్ కొంచెం నెమ్మదిస్తుంది, అంతే. ఇప్పుడు అదే మధ్యాహ్నం, అదే ప్రాజెక్టు ఆగకుండా పూర్తయితే ఎస్ఎంపీఎస్ మీద అనుమానం బాగా బలపడినట్టే. షాపుల్లో చేసే వైరు పరీక్ష ఉంది కదా, 24 పిన్నుల కనెక్టర్‌లో ఆకుపచ్చ వైరును నల్ల వైరుతో కలిపి ఫ్యాన్ తిరిగితే ఎస్ఎంపీఎస్ బాగుందనడం. అది ఆన్ అవుతుందా లేదా అన్నదే చెబుతుంది. లోడు మోస్తుందా లేదా చెప్పదు. మీ షాపులో ఆ పరీక్షే చేసి, ఎస్ఎంపీఎస్ బాగానే ఉంది కాబట్టి మదర్‌బోర్డు అని ఉంటారు. వాళ్లు మోసం చేశారని నేననను. లోడు పెట్టి పరీక్షించడానికి చిన్న ఊరి షాపులో ఒక మంచి స్పేర్ ఎస్ఎంపీఎస్ ఉండాలి, చాలాచోట్ల అది ఉండదు.

ఎస్ఎంపీఎస్‌ను మాత్రం ఎప్పుడూ విప్పకు. ప్లగ్ తీసేసినా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా కొంతసేపు నిలిచి ఉంటుంది. ప్రాణం తీయగలదు.

లాగ్ ఫైల్ వేడి వైపు చూపిస్తే కూలర్ దగ్గరికి వెళ్దాం. నిజానికి అటు చూపించకపోయినా ఒకసారి చూడు. 12400ఎఫ్‌తో వచ్చే కూలర్‌కు నాలుగు మూలలా నాలుగు పుష్ పిన్నులు ఉంటాయి. తెల్లటి కాలు మదర్‌బోర్డు రంధ్రంలో దిగాలి, పైనుంచి నల్లటి పిన్ను నొక్కితే అది కాలును రెండుగా విడదీసి బిగుస్తుంది. నొక్కినప్పుడు క్లిక్ మని వినిపించాలి. ఎదురెదురు మూలలు జతలుగా నొక్కాలి, ఒకే వైపు రెండూ నొక్కితే అవతలి వైపు లేస్తుంది. క్యాబినెట్ వెనుక పలక తీసి మదర్‌బోర్డు వెనుక వైపు చూడు. నాలుగు చోట్లా తెల్లకాలు పూర్తిగా బయటికొచ్చి, మధ్యలో నల్లటి పుల్ల కనిపించాలి. ఒక్కటి సగంలో ఉన్నా కూలర్ ఒక మూల లేచి, ప్రాసెసర్ వేడిని కూలర్‌కు అందించే పేస్ట్ సరిగ్గా అంటదు. బస్సులోనో బైక్ మీదో తెచ్చిన పీసీల్లో ఈ పిన్ను ఊడి ఉండటం నేను తరచూ చూస్తుంటాను. కూలర్ తీశావంటే పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్త పేస్ట్ శనగ గింజంత పెట్టు. అదే పాత పేస్ట్ మీద మళ్లీ కూలర్ బిగించకు.

ఇంకో లెక్క. గాలితో చల్లబరిచే కూలర్ గది వేడి కంటే కిందికి ఎప్పటికీ దించలేదు. గది ఎంత పెరిగితే ప్రాసెసర్ కూడా సుమారుగా అంతే పెరుగుతుంది. యూట్యూబ్‌లో ఒక కూలర్ 24 డిగ్రీల గదిలో 75 చూపించిందంటే, మీ 40 డిగ్రీల గదిలో అది 91. అందుకే మన దగ్గర కంపెనీ కూలర్‌తో సరిపెట్టుకోవద్దంటాను. ఒక మామూలు టవర్ కూలర్, 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్నది, వేసుకో. కొనే ముందు క్యాబినెట్ వెడల్పుకు దాని ఎత్తు సరిపోతుందో చూసుకో. వాటర్ కూలర్ అక్కర్లేదు. అదీ చివరికి ఆ గది గాలికే వేడిని వదలాలి. అందులో పంపు పోతే ఇక్కడ మార్చేవాళ్లు దొరకడం కష్టం.

తాడిపత్రి వాడివి కాబట్టి దుమ్ము గురించి విడిగా చెప్పాలి. నాపరాయి పాలిషింగ్ యూనిట్ల దగ్గర ఉండే ఇళ్లలో దుమ్ము మామూలు దుమ్ము కాదు, తెల్లటి సన్నటి పొడి. ఎర్రగుంట్ల వైపు, బేతంచెర్ల వైపు కూడా ఇదే. కూలర్ రెక్కల మధ్య పట్టి, కాస్త తేమ తగిలిందంటే గట్టిపడుతుంది. ఆషాఢం గాలులు మొదలయ్యే ముందు ఒకసారి, అయిపోయాక ఒకసారి బ్లోయర్‌తో ఊదించు. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోవాలి. గాలికి అది గిరగిరా తిరిగితే బేరింగ్ పాడవుతుంది. ఎస్ఎంపీఎస్‌ను బయటి నుంచే ఊదాలి. గదికి పెట్టుకునే నీళ్ల కూలర్ గాలి సూటిగా క్యాబినెట్‌కు తగిలేలా పెట్టొద్దు. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, ఆ తుంపరలు బోర్డు మీద పడి ఎండితే తెల్లటి పొర కడుతుంది, పిన్నులు చిలుమెక్కుతాయి. ఆ కూలర్ గదిని చల్లబరచనీ, పీసీ దానికి పక్కగా ఉండనీ.

ఇక ఆ జివ్వుమనడం. దీన్ని తేలిగ్గా తీసుకోకు. ఎస్ఎంపీఎస్ లోపల ఫేజ్ నుంచి, న్యూట్రల్ నుంచి బాడీకి చిన్న ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ వైరు సరిగ్గా ఉంటే అటునుంచి వచ్చే కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే క్యాబినెట్ బాడీ 115 వోల్టుల దగ్గర తేలుతూ ఉంటుంది. మామూలుగా దాని కరెంటు చాలా తక్కువ, జివ్వుమనడంతో ఆగుతుంది. కానీ హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టేటప్పుడు, కెమెరా కార్డు రీడర్ తగిలించేటప్పుడు ఆ తేడా వోల్టేజీ పోర్టులోంచే పోతుంది, పోర్టులు కాలిపోతాయి. అసలు లీకేజీయే ఉంటే మనిషికే ప్రమాదం. చేత్తో ముట్టుకుని రెండిటికీ తేడా చెప్పలేం. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి సాకెట్‌లో మూడు రీడింగులు తీయించు. ఫేజ్‌కు న్యూట్రల్‌కు మధ్య, ఫేజ్‌కు ఎర్త్‌కు మధ్య దాదాపు సమానంగా రావాలి. న్యూట్రల్‌కు ఎర్త్‌కు మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. పీసీ లోడు మీద ఉన్నప్పుడు కూడా ఒకసారి చూడమను.

చాలా ఇళ్లలో మూడో రంధ్రం ఉంటుంది, దాని వెనక వైరే ఉండదు. వైరు ఉన్నా, మన నేల ఎండాకాలం ఎండిపోయి ఎర్త్ గుంత పనిచేయడం మానేస్తుంది. మీ ఇంటి ఎర్త్ గుంత ఎక్కడుందో అమ్మానాన్నను అడుగు. ఉప్పూ బొగ్గూ వేసి కట్టిన పాత గుంత అయితే ఎండాకాలం వారానికోసారి బకెట్ నీళ్లు పొయ్యాలి. అప్పటికీ రీడింగ్ సరిగ్గా రాకపోతే కొత్త రాడ్ వేయించు. వోల్టేజీ రోజూ 200 కిందికి పోతుంటే కరెంటు ఫిర్యాదుల నంబర్ 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చెయ్యి.

మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉందన్నావు. దాని వెనక గానీ ముందు గానీ యూపీఎస్ మోడ్ అని ఒక స్విచ్ ఉండొచ్చు. అది మామూలు మోడ్‌లో ఉంటే వోల్టేజీ బాగా పడిపోయినా అలాగే పీసీకి పంపుతుంది, కరెంటు పోయినప్పుడు బ్యాటరీకి మారడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. ఎస్ఎంపీఎస్ పూర్తి లోడు మీద కరెంటు లేకుండా ఓర్చుకోగలిగేది సుమారు 16 మిల్లీ సెకన్లు. చవక రకాలు అంత కూడా ఓర్చుకోవు. ఆ స్విచ్ యూపీఎస్ మోడ్‌లో పెట్టు. ఇన్వర్టర్ సైన్ వేవ్‌దా, స్క్వేర్ వేవ్‌దా అని కూడా చూడు. మంచి ఎస్ఎంపీఎస్‌లలో యాక్టివ్ పీఎఫ్‌సీ (గోడ కరెంటును సమంగా లాగే సర్క్యూట్) ఉంటుంది, వాటిలో కొన్నిటికి స్క్వేర్ వేవ్ పడదు. విడిగా యూపీఎస్ కొనాలనుకుంటే, 600 వీఏ అంటే 600 వాట్లు కాదు, మామూలుగా 360. రెండర్ మధ్యలో కరెంటు పోతే నీ పీసీ, మానిటర్ కలిపి దాని హద్దు దగ్గరికి వెళ్తాయి. నీకు 1000 వీఏ ఉంటే నయం.

కొత్త ఎస్ఎంపీఎస్ ఏది కొనాలి? 3060కి కంపెనీ చెప్పే కనీసం 550 వాట్లు. నువ్వు 550 కానీ 650 కానీ తీసుకో. లేబుల్ మీద 12 వోల్టుల గడి చూడు. నిఖార్సైన 550కి అక్కడ 45 ఆంప్స్ దగ్గరలో ఉంటుంది. 80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ అన్నవి కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెప్పే గుర్తులు. ఆ పరీక్ష 23 డిగ్రీల గదిలో చేస్తారు, రక్షణ సర్క్యూట్ల నాణ్యత దాంతో తెలియదు. కాబట్టి దాంతో పాటు 40 గానీ 50 గానీ డిగ్రీల దగ్గర పూర్తి వాట్లు ఇస్తుందని రాసి ఉందా, 105 డిగ్రీల కెపాసిటర్లా, ఓవర్ కరెంట్, ఓవర్ టెంపరేచర్ రక్షణలు ఉన్నాయా, వారంటీ ఐదేళ్లా మూడేళ్లా అని చూడు. అన్నిటిలోకీ నేను వారంటీని ఎక్కువ నమ్ముతాను. ఒక హెచ్చరిక. ఊడదీసే కేబుళ్లుండే మోడ్యులర్ రకం కొంటే పాత కేబుళ్లన్నీ తీసేసి, కొత్త పెట్టెలో వచ్చినవే వాడు. ఒక కంపెనీ కేబుల్ ఇంకో కంపెనీ ఎస్ఎంపీఎస్‌లో దూరుతుంది, కానీ లోపల వైర్ల వరుస వేరు. హార్డ్ డిస్కులు కాలిపోతాయి, వాటితో పాటు నీ క్లయింట్ల పెళ్లిళ్లూ పోతాయి.

కొత్త ఎస్ఎంపీఎస్, బాగున్న ఎర్త్, అదుపులో ఉన్న వేడి, ఇవన్నీ ఉండి కూడా పీసీ పడిపోతే అప్పుడు ర్యామ్. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్ పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా నడిపించు, ఒక్క ఎర్రర్ వచ్చినా ఒక్కో ర్యామ్ విడిగా పెట్టి చూడు. మదర్‌బోర్డు ఆఖరున.

ఇప్పుడు చెల్లెలి సంగతి. ఆమె హాస్టల్‌లో ఉంటే పీసీ వద్దు, ల్యాప్‌టాప్ కొను. అనంతపురంలో బంధువుల ఇంట్లోనో అద్దె ఇంట్లోనో ఉంటేనే పీసీ మాట. మీ నాన్నగారి పాత నాలుగో తరం ఐ5 ఇవ్వొచ్చా అన్నావు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14న ఆగిపోయింది. విండోస్ 11 అధికారికంగా ఎనిమిదో తరం నుంచే. మొదటి ఏడాది సీ, పైథాన్ నేర్చుకోవడానికైతే దాంట్లో ఒక ఎస్ఎస్‌డీ వేసి, విండోస్‌కు బదులు ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టిస్తే బాగా నడుస్తుంది. డబ్బు ఇబ్బందిగా ఉంటే ఒక సంవత్సరం అలా గడిపి తర్వాత కొనడం మంచిదే.

కొత్తది కట్టాలంటే గ్రాఫిక్స్ కార్డు లేకుండా మొదలుపెట్టు. ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉండాలి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉంటే విడి కార్డు లేకుండా డిస్‌ప్లే రాదు, కాబట్టి ఆమెకు 12400 తీసుకో, 12400ఎఫ్ కాదు. ఏఎమ్‌డీలో రైజెన్ 5 5600కి గ్రాఫిక్స్ లేదు, 5600జీకి ఉంది. బడ్జెట్ కొంచెం సాగితే నేను ఏఎమ్‌డీ వాళ్ల ఏఎమ్5 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు) ఉన్న బోర్డు వైపు మొగ్గుతాను. దానికి 2027 దాకా, ఆ తర్వాత కూడా కొత్త ప్రాసెసర్లు వస్తాయని ఏఎమ్‌డీ చెప్పింది. నాలుగేళ్ల చదువు అయ్యాక బోర్డు మార్చకుండా ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవచ్చు. 12400 వేసే ఎల్‌జీఏ 1700 సాకెట్‌కు పద్నాలుగో తరంతో కథ అయిపోయింది.

ర్యామ్ 16 జీబీ కనీసం. ఆండ్రాయిడ్ స్టూడియో, వర్చువల్ మెషీన్లు 8 జీబీలో ఊపిరాడనివ్వవు. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, అందుకే నేను ఇక్కడ మొత్తం ఖర్చు అంకె వేయడం లేదు. కొనే వారం కనుక్కో. విడి కార్డు లేదు కాబట్టి 8 జీబీవి రెండు వేస్తే గ్రాఫిక్స్‌కు మేలు. డీడీఆర్4 బోర్డులో డీడీఆర్5 ర్యామ్ దూరదు, బోర్డు ఏది అడుగుతుందో చూసి కొను. డిస్కు ఎన్‌వీఎమ్ఈ ఎస్ఎస్‌డీ, వీలైతే 1 టీబీ. క్యాబినెట్ ముందు భాగం అద్దం కాకుండా జాలీ ఉన్నది, దుమ్ము ఫిల్టర్ ఊడదీసి కడుక్కునే వీలున్నది. ముందు రెండు ఫ్యాన్లు గాలి లోపలికి, వెనక ఒకటి బయటికి. రంగురంగుల లైట్లకు పెట్టే డబ్బు ఎస్ఎంపీఎస్‌లో పెట్టు.

మీరే బిగించుకుంటే మొదటిసారి డిస్‌ప్లే రాకపోవడం మామూలు, భయపడొద్దు. డీడీఆర్5 బోర్డులు మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌ను పరీక్షించుకుంటూ కొన్ని నిమిషాలు నల్ల తెరతోనే ఉంటాయి, ఆ మధ్యలో ఆఫ్ చేయొద్దు. తర్వాత ప్రాసెసర్ పక్కన పైమూల ఉండే ఎనిమిది పిన్నుల కనెక్టర్ పెట్టారా చూడు, 24 పిన్నులది ఒక్కటే పెట్టి ఇది మరిచిపోతారు. ర్యామ్ రెండు ఉంటే, నాలుగు స్లాట్ల బోర్డులో ప్రాసెసర్ వైపు నుంచి రెండోదీ నాలుగోదీ. కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర తీశారా. బోర్డు మీద సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న లైట్లు ఉంటే, వాటిలో ఆరిపోకుండా వెలుగుతూ నిలిచిపోయిన లైటే తప్పు ఎక్కడుందో చెబుతుంది.

కొనడానికి బెంగళూరు ఎస్పీ రోడ్‌కు వెళ్తానన్నావు. ధర తగ్గుతుంది, సరుకు ఎక్కువ. మదర్‌బోర్డు మాత్రం కౌంటర్ మీదే పెట్టె విప్పి, సాకెట్ మూత తీసి పిన్నులు వరుసగా ఉన్నాయో లేదో ఫోన్‌లో ఫొటో తీసుకో. వంగిన పిన్నుకు తర్వాత వారంటీ ఇవ్వరు. ప్రతి పార్టు సీరియల్ నంబర్ బిల్లు మీద రాయించుకో. ఎస్ఎంపీఎస్, మానిటర్ అనంతపురంలోనే దొరికితే ఇక్కడే కొను. చెడిపోయినప్పుడు పట్టుకుని వెళ్లడానికి దగ్గర.

కొత్త ఎస్ఎంపీఎస్ వచ్చేదాకా పవర్ లిమిట్ 70లోనే ఉంచి, పెద్ద రెండర్లు రాత్రికి పెట్టు. ఇలా హఠాత్తుగా ఆగినప్పుడు ప్రాజెక్టు ఫైళ్లు, డిస్కు రెండూ చెడే ప్రమాదం ఉంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోతో ఒకసారి డిస్కు ఆరోగ్యం చూడు. ముహూర్తాల సీజన్‌లో ఉన్నావు, ఫుటేజీ రెండో డిస్కులోకి కాపీ అయ్యేదాకా కెమెరా కార్డులు ఫార్మాట్ చేయకు. లాగ్ ఫైల్ చివరి ఇరవై వరుసలు, సాకెట్ దగ్గర తీసిన మూడు రీడింగులు, 70 శాతం మీద పెట్టిన మధ్యాహ్నం రెండర్ ఏమైందన్నది రాయి. అవి చూసి 550 చాలునా, 650 కావాలా, కూలర్ కూడా వెంటనే మార్చాలా అన్నది ఖాయంగా చెబుతాను.